ఫీజు రీయింబర్స్‌మెంట్ సేవ: తిరుపతి నుంచి ఒక తల్లి సమీక్ష

మా అమ్మాయి ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో ఇంజినీరింగ్ చదువుతోంది. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే ఆ చదువు మా స్తోమతకు అందేది కాదు. ఆ కృతజ్ఞత ఉన్నందునే ఈ సేవలోని లోపాన్ని దాచకుండా చెప్పదలచుకున్నాను.

దరఖాస్తు ప్రక్రియ చాలావరకు సాఫీగా ఉంది. కాలేజీ వారు రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ అయిన జ్ఞానభూమి పోర్టల్‌లో వివరాలు ఎక్కించిన తరువాత వార్డు సచివాలయంలో ధృవీకరణ జరుగుతుంది. నాకంటే ముందు వరుసలో నిలుచున్న, పూలమాలలు కట్టుకొని బతికే ఒకావిడకు ఎన్నిసార్లు ప్రయత్నించినా వేలిముద్ర పడలేదు. అక్కడి ఉద్యోగిని విసుక్కోకుండా, "చెయ్యి బాగా తుడుచుకొని మళ్ళీ పెట్టమ్మా" అంటూ సాయం చేసి, చివరికి కనుపాపను గుర్తించే ఐరిస్ పరికరంతో పని పూర్తి చేసి పంపారు. ఆ ఓర్పుకు పూర్తి మార్కులు వేయవలసిందే.

అసలు చిక్కు సొమ్ము విడుదలలో ఉంది. 2020లో మొదలైన విద్యా దీవెన పథకం కింద ఈ ఫీజును తల్లి ఖాతాలో జమ చేసేవారు. 2024లో ప్రభుత్వం మారిన తరువాత నేరుగా కాలేజీ ఖాతాకే చెల్లిస్తున్నారు. డబ్బు చేతికి వస్తే వేరే అవసరానికి ఖర్చయిపోతుందన్న భయం దీనితో పోయింది, అది మంచిదే. అయితే తల్లి ఖాతాలో పడినప్పుడు ఫోనుకు మెసేజ్ వచ్చేది, మేమే కాలేజీకి వెళ్ళి కట్టి, పనిలో పనిగా పిల్ల హాజరు ఎలా ఉందో కూడా అడిగి తెలుసుకునేవాళ్ళం. ఇప్పుడు ఏ విడత ఎప్పుడు జమ అయిందో కాలేజీ వారు చెబితే తప్ప తెలియడం లేదు. ప్రభుత్వం నుంచి రాలేదంటూ సెమిస్టర్ పరీక్షల ముందు మా అమ్మాయి హాల్‌టికెట్ ఆపారు. సొంతంగా కడితే తరువాత తిరిగిస్తామన్నారు. కమ్మలు కుదువ పెట్టి కట్టాము. ఆలస్యం ప్రభుత్వానిది, వడ్డీ మాది. ఇది అన్యాయం.

కొత్తగా చేరేవారు ఒక విషయం ముందే గమనించాలి. ఈ సాయం కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా, సీటు వచ్చినవారికే వర్తిస్తుంది; కాలేజీ యాజమాన్యమే భర్తీ చేసే మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. హాజరు 75 శాతానికి తగ్గకుండా చూసుకోవాలి. తిరుపతి ఐఐటీ వంటి సంస్థల్లో సీటు వచ్చినవారికైతే, కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద హామీదారు లేకుండానే బ్యాంకు రుణం దొరికే వీలుంది. అది కూడా అప్పే కనుక, వడ్డీ రాయితీకి తమ కుటుంబ ఆదాయం అర్హమవుతుందో లేదో చూసుకొని సంతకం చేయడం మేలు.

ప్రతి విడతకూ విడుదల తేదీని ముందుగా ప్రకటించి, కాలేజీకి జమ అయిన రోజునే తల్లి ఫోనుకు కూడా మెసేజ్ పంపే ఏర్పాటు చేయాలని అధికారులను కోరుతున్నాను.