గాయపడిన కోరిడోరస్‌కి బ్రీడింగ్ బాక్స్: ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ కొంప ముంచుతుంది

ట్యాంకు అంచుకు బయటివైపు తగిలించే బ్రీడింగ్ బాక్సుల్ని అమ్మేది పిల్లచేపల కోసం. దెబ్బ తగిలిన చేపని విడిగా ఉంచడానికి వాడేవాళ్లూ చాలామందే ఉన్నారు. ఈ సమీక్ష ఆ రెండో వాడకం గురించే, అదీ ముఖ్యంగా కోరిడోరస్ అనే చిన్న క్యాట్‌ఫిష్ విషయంలో. హేగెన్ కంపెనీ మెరీనా పేరుతో మూడు సైజుల్లో అమ్మే పెట్టె ఈ కోవలోది. వేరే పేర్లతో వచ్చేవాటిలోనూ చాలావరకు ఇదే నమూనా. క్యాట్‌ఫిష్ కోసమైతే రెండు లీటర్ల పెద్ద సైజు తీసుకోండి, చిన్నవాటి జోలికి పోవద్దు.

గాయానికి ఇది మంచి సాధనం, రోగానికి కాదు. కారణం అది పనిచేసే తీరులోనే ఉంది. ఎయిర్ పంపు గాలి సన్నని గొట్టంలో బుడగలుగా లేస్తూ ట్యాంకు నీళ్లని పెట్టెలోకి ఎత్తిపోస్తుంది. నిండగా మిగిలినవి ముందువైపు చీలికల్లోంచి తిరిగి ట్యాంకులో పడతాయి. చేప ఉండేది తనకి అలవాటైన నీళ్లలోనే. అమ్మోనియాని విరగ్గొట్టే బ్యాక్టీరియా ట్యాంకు ఫిల్టర్‌లో ఎలాగూ ఉంది కాబట్టి పెట్టెకి వేరే ఫిల్టర్ అక్కర్లేదు. హడావిడిగా కొత్త ట్యాంకు నింపి, ఫిల్టర్‌లో ఆ బ్యాక్టీరియా కుదురుకోకుండానే గాయపడ్డ చేపని అందులో వేస్తే, దెబ్బ కన్నా ముందు అమ్మోనియా తినేస్తుంది. అయితే ట్యాంకు నీళ్లే బాగాలేకపోతే ఈ పెట్టె కూడా దండగే. నీటి పరీక్షలో అమ్మోనియా, అది విరిగితే వచ్చే నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తేనే తగిలించండి.

అదే నీళ్లు తిరగడం వల్ల పెట్టెలో మందు వేయకూడదు. మిథిలిన్ బ్లూ అనే నీలిరంగు మందు వేస్తే నిమిషాల్లో ట్యాంకంతా పాకుతుంది, ఫిల్టర్ బ్యాక్టీరియాని దెబ్బతీస్తుంది, సిలికాన్ అతుకులకి పట్టిన నీలం ఇక వదలదు. గాలి ఆపేసి రెండు లీటర్లలోనే మందు కలపొచ్చు కదా అంటారు కొందరు. అంత తక్కువ నీళ్లలో చేప వ్యర్థాలకే అమ్మోనియా చకచకా పెరుగుతుంది, మందు కొలతలో చుక్క తేడా కూడా పెద్దదైపోతుంది. మందు తప్పనిసరైతే 20 నుంచి 40 లీటర్ల విడి ట్యాంకు, కుదురుకున్న స్పాంజ్ ఫిల్టర్, అడుగున ఏమీ లేని గాజు ఉండాలి. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేయాలి, లేకపోతే మందుని అదే పీల్చేస్తుంది. క్యాట్‌ఫిష్‌కి మలకైట్ గ్రీన్, రాగి కలిసిన మందులు సగం మోతాదుతో మొదలుపెట్టడం మేలు.

ఏ క్యాట్‌ఫిష్‌కి? ఐదారు సెంటీమీటర్ల కోరిడోరస్‌కి, ఓటోసింక్లస్‌కి సరిగ్గా సరిపోతుంది. చేతి పొడవు పెరిగిన ప్లెకోకి, అదే పనిగా ఈదే పిక్టస్‌కి ఇది జైలు. గోడలకి కొట్టుకుని కొత్త గాయాలు చేసుకుంటాయి.

చేపని వలతో పట్టొద్దు. కోరిడోరస్ భయపడితే వీపు మీది ముల్లు, పక్క రెక్కల ముళ్లు నిటారుగా బిగుసుకుపోతాయి, వలలో చిక్కుకుంటాయి. లాగితే ముల్లు మొదట్లో చర్మం చీలుతుంది. చిక్కుకుంటే చేపని లాగకుండా వలనే కత్తిరించాలి. వెడల్పాటి ప్లాస్టిక్ గిన్నెని నీళ్లలో ముంచి చేపని అందులోకి తోలడం అన్నిటికన్నా తేలిక. ఆ గిన్నె నీళ్లు మాత్రం పెట్టెలో పోయకండి. బెదిరిన కోరిడోరస్ విషపదార్థం వదలగలదు, కొద్ది నీళ్లలో అది చేపకే ప్రమాదం.

బిగించే ముందు, గుడ్లూ పిల్లలూ కిందికి జారడానికి ఇచ్చే అడ్డుపలకలన్నీ తీసేయండి. నీరసంగా ఉన్న చేప వాటి సందులో ఇరుక్కుంటుంది. పెట్టె నిండితే రెండు కిలోలకి పైనే, ఆ బరువంతా ట్యాంకు అంచు మీదే. కింద ఉండే ఆనింపు మరని తిప్పి పెట్టె సమంగా నిలిచేలా చూడాలి. ఎయిర్ పంపు నీటి మట్టం కన్నా కింద ఉంటే గాలి పైపుకి చెక్ వాల్వ్ తప్పనిసరి, లేకపోతే కరెంటు పోగానే నీళ్లు వెనక్కి పంపులోకి దిగుతాయి.

ప్రవాహం విషయంలోనే ఎక్కువమంది తప్పుతారు. పెట్టెలోకి పడే ధారని ఒక కప్పులో పట్టి గడియారం చూడండి. నిమిషానికి అర లీటరు అంటే గంటకి 30 లీటర్లు, పెట్టె నీళ్లు పదిహేనుసార్లు మారినట్టు. రెక్కలు చిరిగిన చేపకి ఇదే ఎక్కువ. గాలి వాల్వ్ తిప్పి పావు లీటరుకి తగ్గించండి. ధార బలంగా ఉంటే చేప బయటికి పోయే చీలికల దగ్గరికి కొట్టుకుపోయి వాటికి ఆనుకునే ఉండిపోతుంది. అది విశ్రాంతి అనుకుంటే పొరపాటే.

ఈ తరహా పెట్టెల అసలు లోపం ఆ చీలికలే. రాలిన ఆకు, మేత ముక్క, జిగురు చేరి అవి మూసుకుపోతే నీటి మట్టం పైకి లేచి బయటి అంచు మీదుగా నేల మీదికి కారుతుంది. పంపు ఆగదు కాబట్టి ఎత్తిపోయడం ఆగేదాకా ట్యాంకు ఖాళీ అవుతూనే ఉంటుంది. రోజూ పొద్దున ఒకసారి మెత్తని బ్రష్‌తో చీలికలు తుడవండి. పెట్టెలో నాచు వేయకపోవడానికి కూడా కారణం ఇదే.

నున్నటి అడుగు అరిగిన మీసాలకి మంచిదే, రెట్ట కూడా కనిపిస్తుంది. కానీ కింద వెలుతురు తళతళలాడితే చేప కుదురుగా ఉండదు. అడుక్కి, మూడు వైపులకి బయట నల్ల కాగితం అంటించి, అంచులు నునుపు చేసిన పీవీసీ పైపు ముక్క ఒకటి లోపల పెట్టండి. మూత ఎప్పుడూ ఉండాలి, దాని కింద రెండు సెంటీమీటర్ల గాలి ఖాళీ కూడా ఉండాలి. కోరిడోరస్ పైకొచ్చి గాలి గుటక మింగి పేగుతో శ్వాసిస్తుంది. చల్లటి గదిలో పెట్టె నీళ్లు ట్యాంకు కన్నా ఒకటి రెండు డిగ్రీలు తగ్గొచ్చు. థర్మామీటర్ ట్యాంకులో కాదు, పెట్టెలో పెట్టి చూడండి.

మేత దీపం ఆర్పాక, మునిగే గుళిక పావు ముక్క చాలు. గంట తర్వాత మిగిలింది సిరంజితో లాగేయండి.

గాయం అంచున పలచటి తెల్లపొర వస్తే కంగారొద్దు, అది చేప ఒంటి జిగురు. దూదిపోగుల్లా లేస్తే ఫంగస్. చుట్టూ ఎర్రటి వలయం రోజురోజుకీ వెడల్పవుతుంటే బ్యాక్టీరియా. వీపు మీద జీను వేసినట్టు బూడిదరంగు మచ్చ కనిపిస్తే కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా రోగమని అనుమానించాలి. ఈ మూడింట్లో ఏది కనిపించినా చేప విడి ట్యాంకుకి పోవాలి. నీళ్లు ఒకటే కాబట్టి పెట్టెలో ఉంచితే మిగతా చేపల మధ్య ఉంచినట్టే. చిరిగిన రెక్క అంచున గాజులాంటి పారదర్శకమైన పొర మొలుస్తుంటే మానుతున్నట్టు. మీసాలు మొదలంటా పోకపోతే మళ్లీ పెరుగుతాయి.

తిరిగి వదిలేముందు గాయానికి కారణం తీసేయండి: పదునైన రాళ్లయితే మార్చాలి, హీటర్‌కి ఆనుకుని కాలితే దానికి జాలీ తొడగాలి, కొరికేది తోటి చేపైతే దాన్ని వేరుచేయాలి. దీపాలు ఆర్పాక, గిన్నెతోనే, కోరిడోరస్ గుంపు ఉన్న వైపు వదలండి. పెట్టెని సబ్బు తగలకుండా వేణ్నీళ్లతో కడిగి, గాలి గొట్టం లోపల పేరుకున్న జిగురుని సన్నని బ్రష్‌తో తీసి, పూర్తిగా ఆరాకే దాచండి.