వయోజన తరగతి: వయసుల వారీగా విడదీయాలా, కలిపి నడపాలా?

సాయంత్రం బడిలో చదువు చెప్పడానికి కొత్తగా ఒప్పుకున్నవారంతా ముందు అడిగేది ఒకటే. ఇరవై రెండేళ్ల కోడలినీ అరవై దాటిన అవ్వనూ ఒకే చోట కూర్చోబెట్టాలా, రెండు జట్లు చేయాలా? కావలి, కందుకూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఈ మధ్య ఈ ప్రశ్న మరీ ఎక్కువగా వస్తోంది. దానికి కారణం ఉంది. 1988లో మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్ 15 నుంచి 35 ఏళ్ల వారిని దృష్టిలో పెట్టుకుని నడిచింది. 2022–27కు ఉద్దేశించిన కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా పథకం ఉల్లాస్ 15 ఏళ్లు దాటిన వారందరికీ తలుపు తెరిచింది, పై హద్దు లేదు. దాంతో మూడు తరాలు ఒకే చాప మీదికి చేరుతున్నాయి.

వయసుల వారీగా విడదీస్తే సౌకర్యం కళ్లకు కనిపిస్తుంది. నాలుగో తరగతిలోనో ఐదులోనో బడి మానేసిన పడుచువాళ్లకు అక్షరాలు మరుగున పడి ఉంటాయే తప్ప పూర్తిగా పోవు. కొంచెం కదిలిస్తే పరుగెత్తుతారు. పెద్దవాళ్లకు బలపం పట్టుకోవడం దగ్గరే వేళ్లు మొరాయిస్తాయి. పైగా చత్వారం. నలభై దాటిన మనిషి ‘ప’కూ ‘ష’కూ తేడా పట్టలేకపోతే బుర్రకు ఎక్కలేదని తీర్మానించకండి, ముందు కళ్లద్దాలు పెట్టించండి, దీపం కిందికి జరపండి. ఇదంతా వేరే జట్టులో తీరిగ్గా చేయవచ్చన్నది నిజమే. అయితే పెద్దవాళ్లను మాత్రమే కూర్చోబెడితే ఆ తరగతి మోకాళ్ల నొప్పుల సదస్సుగా మారడానికి పావుగంట చాలు. నాట్లు, కోతలు, పొగాకు బ్యారన్ల పనులు వచ్చాయంటే పడుచువాళ్ల జట్టు ఖాళీ. ఒక జట్టు మూతపడి ఇంకొకటి నడిస్తే, మళ్లీ కలిపేటప్పుడు మొదటికొస్తుంది.

వచ్చిన చదువును బట్టి విడదీయడం కాగితం మీద ఇంకా బాగుంటుంది. కానీ వచ్చిన చదువంటే ఏది? ‘అ’ రాయలేని అవ్వను పది వేలకు నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున మూడు నెలలకు ఎంతని అడగండి. పక్కనున్న పిల్ల ఫోను తీసేలోగా ఆరు వందలని చెప్పేస్తుంది. పుట్టి లెక్క సంగతీ అంతే. వడ్లు కొలిచే నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, అంటే ఎనిమిదిన్నర క్వింటాళ్లు. ప్రభుత్వం మద్దతు ధర చెప్పేది క్వింటాల్‌కు. 2025–26లో సాధారణ రకం వడ్లకు 2,369 రూపాయలు. పుట్టికి ఎంతవుతుంది? ఇరవై వేల పైచిలుకని పెద్దవాళ్లు నోటితో తేలుస్తారు. 20,136 రూపాయల యాభై పైసలని కాగితం మీద వేసి చూపడం పడుచువాళ్ల పని. దళారి పుట్టికి పంతొమ్మిది వేలు అన్నాడంటే ఎంత కోత పెడుతున్నాడో అప్పుడు ఇద్దరికీ తెలుస్తుంది. ఈ లెక్క ఏ ఒక్క జట్టులోనూ పూర్తిగా జరగదు. ఉల్లాస్ పరీక్షలో చదవడం, రాయడం, లెక్కలు మూడింటికీ 50 చొప్పున మార్కులు కాబట్టి, ఆ మూడో భాగంలో పెద్దవాళ్లు ముందే ఉన్నారని గుర్తుంచుకోండి.

అందుకే నేను కలిపి నడపడం వైపే మొగ్గుతాను, ఒక షరతు మీద. తరగతిని నిలబెట్టేవీ పడగొట్టేవీ చుట్టరికపు వరసలు. అత్త తడబడుతున్న వాక్యాన్ని కోడలు చకచకా చదివేసిందంటే అత్త మర్నాడు రాదు. అది తెలిసిన కోడలు వచ్చినా నోరు విప్పదు. తల్లీకూతుళ్లయితే కూతురు విసుక్కుంటుంది. తోడికోడళ్ల పోటీ మరీ గడ్డు. విడదీయమనేవారు గమనించని సంగతి ఒకటుంది: వయసుతో జట్లు కడితే తోడికోడళ్లు ఇద్దరూ ఒకే జట్టులో పడతారు. అవ్వా మనవరాలూ అలా కాదు. మనవరాలు దిద్దిస్తే అవ్వకు చిన్నతనం లేదు, నలుగురిలో గొప్ప చెప్పుకుంటుంది కూడా. వదినా మరదళ్లు ఒకరినొకరు ఎకసెక్కాలాడుకుంటూనే పాఠం ముగిస్తారు. అందుకని పేర్లు రాసుకునే రోజే వయసుతో పాటు ఎవరికి ఎవరు ఏమవుతారో కూడా అడిగి రాసుకోండి. అత్తా కోడళ్లను చాపకు చెరో కొసన కూర్చోబెట్టండి. పలక మీద తప్పు దిద్దడం పక్కన కూర్చుని చేయండి, పెద్దవాళ్లను బోర్డు దగ్గరికి పిలవకండి. చదవడం మాత్రం ఇద్దరిద్దరుగా, లెక్కలూ చర్చా అందరూ కలిసి.

చర్చ అన్నాను కాబట్టి నెల్లూరు జిల్లాలోని దూబగుంట అనే ఊరు గుర్తుకు రాక మానదు. 1990ల మొదట్లో ఆ జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో, వాచకంలోని సారా వ్యతిరేక కథ చదివిన అక్కడి ఆడవాళ్లు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని నిలదీశారు. 1992లో అది జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. తాగివచ్చే భర్త గురించి పడుచు పిల్ల, తాగి చనిపోయిన కొడుకు గురించి ముసలమ్మ ఒకే చోట మాట్లాడుకుంటే ఆ పాఠానికి వచ్చే బరువు వేరు.

మిగతా పద్ధతులకు రెండు మాటలు చాలు. ఇంటికెళ్లి ఒక్కొక్కరికే చెప్పడం కదలలేని వారికి మేలు, ఊరంతటికీ కుదరదు. ఫోనులో వీడియో పాఠాలు తరగతికి తోడుగా పర్వాలేదు. మగవాళ్లను వేరుగా కూర్చోబెట్టాలా అనీ అడుగుతుంటారు, ముందు వాళ్లను రానివ్వండి.

విడదీయక తప్పని సందర్భం నాకు ఒక్కటే కనిపిస్తుంది. చదవడం బాగా వచ్చి, ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టాలనుకునే పడుచువాళ్లకు ఈ చాప సరిపోదు. వారికి గణితం, ఇంగ్లిషు చెప్పే మనిషిని వేరే చూడాలి. అయినా లెక్కల రోజున వాళ్లను ఇక్కడికే రమ్మనండి, అవ్వలకు కాగితం మీద వేసి చూపేవారు కావాలి.