నాలుగేళ్లు వాడాక: వైర్‌గార్డ్ వెనక ఆర్‌డీపీ, పక్కన గ్వాకమోలీ

విజయవాడలో కూర్చుని పద్నాలుగు సర్వర్లు చూసుకుంటాను. తొమ్మిది విండోస్, అన్నీ ట్యాలీ కోసం పెట్టినవే, గుంటూరు, తెనాలి, ఏలూరు వైపు చిన్న వ్యాపారులవి. మిగతా ఐదూ లైనక్స్. "ఏ రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ మంచిదండీ" అని వారానికొకరైనా అడుగుతారు కాబట్టి, నాలుగేళ్లకు పైగా వాడినవాటి సంగతి ఒకచోట రాసి పెడుతున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఎన్ని తిప్పి చూసినా చివరికి నేను ఆగింది విండోస్‌తో పాటు ఊరికే వచ్చే పాత ఆర్‌డీపీ (రిమోట్ డెస్క్‌టాప్ ప్రోటోకాల్, దూరం నుంచి విండోస్ తెర తెరిచే సదుపాయం) దగ్గరే. కాకపోతే అంతకుముందు దాన్ని నడివీధిలో పెట్టాను, ఇప్పుడు లోపలి గదిలో పెట్టాను.

నడివీధిలో పెట్టిన కథ 2021 మిర్చి సీజన్‌ది. గుంటూరులో కమీషన్ వ్యాపారం చేసే ఒక క్లయింటు సర్వర్‌కి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ చేసి ఆర్‌డీపీని బయటికి తెరిచాను. ఆర్‌డీపీ మామూలుగా వినే పోర్టు, అంటే తలుపు నంబరు, 3389 అందరికీ తెలిసిందే కదా అని 33890కి మార్చి, పెద్ద తెలివైన పని చేశాననుకున్నాను. వెతికేవాళ్లకి 33890 కూడా తెలుసని ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తన లాగ్‌లు చూపించే చోటు) చూస్తే అర్థమైంది. 4625 అంటే లాగిన్ ఫెయిలయిందని. ఆ నంబరు పేజీలకు పేజీలు, ఒకసారి అడ్మినిస్ట్రేటర్ పేరుతో, ఒకసారి అడ్మిన్, ఒకసారి ట్యాలీ, ఒకసారి యూజర్1. చూసి కూడా ఊరుకున్నాను, ఎందుకంటే నా పాస్‌వర్డ్ పదహారు అక్షరాలు. బిల్లింగ్ కుర్రాడి కోసం ట్యాలీ అనే యూజర్‌ని నేనే చేశానని, దాని పాస్‌వర్డ్ ట్యాలీ123 అని, పైగా పని తొందరగా అవ్వాలని అతనికి అడ్మిన్ హక్కులు కూడా ఇచ్చానని మర్చిపోయాను.

పొద్దున్నే ఏడింటికి ఫోన్. "కంపెనీలే కనపడట్లేదండీ ట్యాలీలో." లోపలికి వెళ్లి చూస్తే ఫైళ్లన్నిటికీ చివర ఏదో పిచ్చి తోక, డెస్క్‌టాప్ మీద డబ్బులడిగే నోట్. బ్యాకప్‌కని యూఎస్‌బీ హార్డ్ డిస్క్ పెట్టాం గానీ అది ఎప్పుడూ మెషీన్‌కే గుచ్చి ఉండేది, దానికీ అదే గతి. మమ్మల్ని కాపాడింది అకౌంటెంట్ గారి పెన్‌డ్రైవ్. ఆయన ప్రతి శనివారం డేటా అందులోకి కాపీ చేసుకుని, ఇంటికి తీసుకెళ్లి దేవుడి గూట్లో లక్ష్మీదేవి పటం వెనక పెట్టేవారట, నేను ఎప్పుడూ చెప్పలేదు ఆయనకి ఆ పని చెయ్యమని. ఐదు రోజుల ఎంట్రీలు పోయాయి. కాగితం బిల్లులు చూసి రెండు రాత్రులు కూర్చుని మళ్లీ కొట్టాం, నేను చదవడం ఆయన కొట్టడం.

ఇక వైర్‌గార్డ్, అంటే ఇంటర్నెట్ మీదే మన మెషీన్ల మధ్య సొంత గుప్త దారి వేసే వీపీఎన్. నెలకు వెయ్యి లోపు అద్దెకి 2 జీబీ ర్యామ్ ఉన్న ఒక వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకి దొరికే సర్వర్) తీసుకుని ఉబుంటు లైనక్స్ వేశాను. 2020లో వచ్చిన 5.6 నుంచి లైనక్స్ కెర్నెల్‌లోనే వైర్‌గార్డ్ ఉంది కాబట్టి పెద్ద తతంగం లేదు. క్లయింటు ఆఫీసుల్లోని సర్వర్లు, నా ల్యాప్‌టాప్, అన్నీ ఈ మధ్యలోని వీపీఎస్‌కి వచ్చి కలుస్తాయి. ఇందులో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఆఫీసులకి సొంత పబ్లిక్ ఐపీ అక్కర్లేదు. మన వైపు ఫైబర్ కనెక్షన్లలో చాలావరకు ఒకే ఐపీని పదిమందికి పంచుతారు, బయటి నుంచి పోర్ట్ ఫార్వర్డ్ చెయ్యడానికే వీలుండదు, స్టాటిక్ ఐపీ కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. ఇక్కడ సర్వరే బయటికి ఫోన్ చేసి లైన్ పట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది. కీప్ఎలైవ్ 25 సెకన్లకి పెట్టడం మాత్రం మర్చిపోకండి, అది లేకపోతే కాసేపు వాడనప్పుడు లైన్ చచ్చిపోతుంది, మీరేమో సర్వర్ పోయిందనుకుంటారు.

వైర్‌గార్డ్‌కి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అనేవే ఉండవు, అన్నీ కీలే. సరైన కీ లేకుండా ఎవరైనా తలుపు తడితే అది బదులే ఇవ్వదు, స్కాన్ చేసేవాడికి అక్కడ ఏదో ఉందన్న సంగతి కూడా తెలియదు. రౌటర్‌లో ఫార్వర్డింగ్ తీసేసి, విండోస్ ఫైర్‌వాల్‌లో 3389ని వైర్‌గార్డ్ అడ్రసులకి మాత్రమే వదిలిన మర్నాడు ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. 4625లు రెండే రెండు. రెండూ అకౌంటెంట్ గారు క్యాప్స్ లాక్ వేసుకుని కొట్టినవి.

తలనొప్పులు లేవని కాదు. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఉన్నప్పుడు లాగిన్ అవుతుంది గానీ తెర నల్లగా అలాగే నిలబడిపోయేది. నెల రోజులు గ్రాఫిక్స్ అనుకుని డ్రైవర్లు మార్చాను. తీరా చూస్తే ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చన్న పరిమితి. వైర్‌గార్డ్ మామూలుగా 1420 పెట్టుకుంటుంది, నేను 1280కి తగ్గించాక మళ్లీ ఆ నల్ల తెర రాలేదు. ఇంకోటి, దీంట్లో ఓటీపీ లాంటిది ఏమీ ఉండదు, కీ ఫైల్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే యజమాని. నా దగ్గర పనిచేసిన కుర్రాడు మానేసిన రోజు ముందు వైర్‌గార్డ్‌లో అతని పీర్ (అతని కీ ఉన్న ఎంట్రీ) తీసేశాను, తర్వాతే జీతం లెక్క చూశాను. అనుమానంతో కాదు, మర్చిపోతానని.

ఒకసారి తెనాలి సర్వర్ ఫైర్‌వాల్‌లో రూల్ మారుస్తూ, అనుమతించే రూల్ రాయకముందే ఆపే రూల్ ఆన్ చేశాను. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టు, ఓకే నొక్కగానే తెర ఆగిపోయింది. బండేసుకుని తెనాలి వెళ్లి, షాపు మూసే టైముకి చేరి, వాళ్లిచ్చిన టీ కూడా తాగి వచ్చాను. అప్పటినుంచి ఫైర్‌వాల్ ముట్టుకునేముందు పది నిమిషాల తర్వాత పాత సెట్టింగ్ తిరిగి తెచ్చే షెడ్యూల్డ్ టాస్క్ ఒకటి పెట్టుకుంటాను. పని సవ్యంగా అయితే దాన్ని తీసేస్తాను, తెర ఆగిపోతే పది నిమిషాలు ఓపిక పడతాను. రెండుసార్లు నన్ను ఆదుకుంది.

ఆర్‌డీపీ సంగతి. ఎన్ఎల్ఏ ఆన్‌లోనే ఉంచండి. అంటే పాస్‌వర్డ్ సరిచూశాకే సర్వర్ మీకు తెర చూపిస్తుంది. 2019 మేలో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు, ఎప్పుడో సపోర్ట్ ఆపేసిన ఎక్స్‌పీకి, సర్వర్ 2003కి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. అసలు పాస్‌వర్డే అక్కర్లేకుండా లోపలికి వచ్చే లోపం అది, అందుకే అంత హడావుడి. ఎన్ఎల్ఏతో ఒక చిక్కుంది, యూజర్ పాస్‌వర్డ్ గడువు అయిపోతే ఆర్‌డీపీ నుంచే మార్చుకోనివ్వదు, లోపలికే రానివ్వదు. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేస్తుంటే వచ్చే ఫోన్లు చాలావరకు ఇవే.

లైసెన్సులు కొనకుండా సర్వర్‌లోకి అడ్మిన్ పనికి ఒకేసారి ఇద్దరు రావచ్చు, అంతే. అంతకంటే ఎక్కువమంది ట్యాలీ వాడాలంటే రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు కొనాల్సిందే, 120 రోజుల గడువు ఇచ్చి ఆ తర్వాత ఆపేస్తుంది. మనవాళ్లకి ఇంకో అలవాటు, పని అయ్యాక పైన ఇంటూ గుర్తు నొక్కి వెళ్లిపోతారు. అది సైన్ అవుట్ కాదు, లోపల సెషన్ అలాగే బతికి ఉంటుంది, ట్యాలీ తెరిచే ఉంటుంది, వేరేవాళ్లు వస్తే ఖాళీ ఉండదు. గ్రూప్ పాలసీలో డిస్‌కనెక్ట్ అయిన సెషన్‌కి రెండు గంటల గడువు పెట్టాక గొడవ తగ్గింది. ఇంటి కంప్యూటర్ డ్రైవులు సర్వర్‌లో కనపడే సదుపాయం మాత్రం పూర్తిగా ఆపేశాను. ఇంట్లో పిల్లలు ఏ గేమ్ దింపుకున్నారో ఆ చెత్తంతా ఆఫీసు దాకా రావడానికి అదొక దారి. ఫైల్ పంపలేకపోతున్నామని మొదట్లో తిట్టారు, పడ్డాను.

గ్వాకమోలీ ఎందుకంటే, అందరి చేతా వైర్‌గార్డ్ పెట్టించడం నా వల్ల కాలేదు. అపాచీ వాళ్ల ఈ సాఫ్ట్‌వేర్ అదే వీపీఎస్ మీద నడుస్తుంది, బ్రౌజర్ తెరిచి లాగిన్ అయితే చాలు లోపలి సర్వర్ తెర కనిపిస్తుంది. ముందు ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్, దాని మీద హెచ్‌టీటీపీఎస్, లాగిన్‌కి ఆరంకెల కోడ్, ఇవి మూడూ పెట్టకుండా దీన్ని బయటికి తెరవకండి. మొదట వచ్చే గ్వాక్అడ్మిన్ అకౌంట్ పాస్‌వర్డ్ కూడా గ్వాక్అడ్మినే, ఇన్‌స్టాల్ చేసిన ఐదు నిమిషాల్లో వేరే అడ్మిన్ చేసుకుని దాన్ని తీసెయ్యండి. సెషన్ రికార్డింగ్ ఉంది. "నేను ఆ వోచర్ డిలీట్ చెయ్యలేదు" అన్న పంచాయతీ ఒకటి దీనితోనే తెగింది, ఎవరు చేశారో చెప్పను. విసుగు పుట్టించేది కంట్రోల్ డబ్ల్యూ, చెయ్యి అలవాటుగా దాని మీదకి వెళ్తే బ్రౌజర్ ట్యాబే మూసుకుపోతుంది, మళ్లీ లాగిన్ అయితే పని అక్కడే ఉంటుంది గానీ గుండె ఒకసారి జారుతుంది. ప్రింట్ ఇస్తే పీడీఎఫ్‌గా దిగుతుంది. మామూలు ప్రింటర్‌కి సరిపోతుంది, కానీ డాట్ మ్యాట్రిక్స్ మీద ముందే అచ్చు వేసిన బిల్లు కాగితంలో గీతలు గడుల్లో కూర్చోవు. దీనికి నా దగ్గర ఇప్పటికీ మందు లేదు, బిల్లులు ఆఫీసు నుంచే తియ్యమంటున్నాను.

స్క్రీన్ షేరింగ్ టూల్స్ జోలికి వెళ్లలేదా అంటే వెళ్లాను. రస్ట్‌డెస్క్‌ని నా సర్వర్ మీదే పెట్టుకుని ఎనిమిది నెలలు వాడాను, ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ప్రింటర్ పనిచేయకపోతే చూడ్డానికి ఇప్పటికీ అదే. సర్వర్‌కి మాత్రం పెట్టను. మనిషి ఎదురుగా లేకుండా ఎప్పుడంటే అప్పుడు లోపలికి వచ్చే శాశ్వత పాస్‌వర్డ్ అంటేనే నాకు భయం. పైగా కంపెనీ సర్వర్ మధ్యలో ఉండే టూల్ అయితే, ఆ కంపెనీ ఇంట్లో దొంగలు పడినా మనకే టెన్షన్. 2024 ఫిబ్రవరిలో అలాంటి టూలే అయిన ఎనీడెస్క్ తన ప్రొడక్షన్ సిస్టమ్స్‌లోకి ఎవరో చొరబడ్డారని తానే ప్రకటించి పాస్‌వర్డ్‌లు మార్చుకోమంది. దాచకుండా చెప్పారు, అది మంచిదే, నా భయం మాత్రం పోలేదు. 2019లో ఆర్‌బీఐ కూడా ఇలాంటి యాప్‌తో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని హెచ్చరించింది కదా, అందుకే ఇలాంటి యాప్ పేరు చెప్పగానే క్లయింట్లు "అమ్మో, అది వద్దండీ" అంటారు.

లైనక్స్‌కి డెస్క్‌టాప్ ఎందుకో నాకు అర్థం కాదు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు కొట్టే దారి), కీ లాగిన్, పాస్‌వర్డ్ లాగిన్ ఆఫ్, అయిపోయింది. వీఎన్‌సీ (దూరం నుంచి తెర చూపించే ఇంకో పద్ధతి) మాత్రం నేరుగా బయటికి వద్దు, పాత పద్ధతి వీఎన్‌సీలో మీరు ఎంత పొడుగు పాస్‌వర్డ్ పెట్టినా మొదటి ఎనిమిది అక్షరాలే చూస్తుంది.

లాగ్‌లు కూడా. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి లాంటి సంఘటన జరిగితే 6 గంటల్లో వాళ్లకి చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. విండోస్ సెక్యూరిటీ లాగ్‌కి మామూలుగా ఉండే సైజు పెంచకపోతే, దాడి గట్టిగా జరిగే రోజుల్లో కొత్తవి వచ్చి పాతవాటిని తుడిచేస్తాయి. గుంటూరు వ్యవహారంలో వాడు ఏ రోజు లోపలికి వచ్చాడో నాకు తెలియకుండా పోయింది అందుకే. ఇప్పుడు ప్రతి రాత్రీ వీపీఎస్‌కి కాపీ వెళ్తుంది.

ఏలూరు క్లయింటు ఒకాయన మాత్రం ఇంకా దారికి రాలేదు. ఫోన్‌లో వైర్‌గార్డ్ పెట్టి ఇస్తే, పైన తాళంచెవి బొమ్మ చూసి ఎవరో హ్యాక్ చేశారని తీసేశారు. సరేనని గ్వాకమోలీ లింక్ ఇచ్చాను. కోడ్ వచ్చే యాప్ ఆయన ఫోన్‌లోనే ఉంది, అయినా రాత్రి తొమ్మిదిన్నరకి నాకే చేస్తారు, "బాబూ, ఆ ఆరంకెలు ఓసారి చెప్పు."