మెట్ల గది మీద టర్బో వెంటిలేటర్: కొన్నేళ్లు వాడాక నా మాట

టర్బో వెంటిలేటర్ ఇళ్లకు పనికొస్తుందా అని ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల సంగతే. పగలంతా ఎండకు కాగిన స్లాబు సరిగ్గా ఆ వేళకే వేడిని లోపలికి వదులుతుంది. బయట డాబా మీద హాయిగా గాలి వీస్తుంటుంది. మేడ మీద గదిలోకి అడుగుపెడితే మాత్రం మొహానికి సెగ కొడుతుంది. ఫ్యాన్ వేస్తే పైన పేరుకున్న ఆ వేడి గాలే తిరిగి నెత్తిన పడుతుంది. తెనాలిలో మా ఇంట్లో ఏళ్ల తరబడి ఇదే బాధ. ఈ వెంటిలేటర్ పెట్టించాక చీకటి పడగానే కింద కిటికీలు తెరిస్తే చాలు, పడుకునే వేళకు మేడ గదుల్లో సెగ ఉండటం లేదు. దీని మీద నాకున్న ఇష్టమంతా ఈ ఒక్క పని వల్లే.

గోడౌన్ల రేకుల మీద గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తుందే, అదే ఇది. కరెంటు అక్కర్లేదు, బయటి గాలికే తిరుగుతూ లోపలి వేడి గాలిని పైనుంచి బయటికి లాగేస్తుంది. సైజులు, ధరలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. మా ఇంటికి ఇది బాగా కుదరడానికి కారణం మెట్లు. మాకు మెట్లు ఇంటి లోపలే ఉన్నాయి. హాల్లో మొదలై మేడ మీదికి, అక్కణ్ణుంచి డాబా మీది మెట్ల గదికి ఒకే వరసలో వెళ్తాయి. వేడి గాలి తేలిక, దాని పాటికది పైకెక్కుతుంది. ఎక్కి ఎక్కి మెట్ల గది మూసిన తలుపు దగ్గర ఆగిపోయేది, అక్కణ్ణుంచి కిందికి నిండుకుంటూ వచ్చేది. ఆ గదికి మాకు స్లాబు లేదు, ఇనుప ఫ్రేము మీద రేకులే. రేకు గుండ్రంగా కోసి, దాని మడతలకు సరిపోయే ఫైబర్ ప్లేటు పెట్టి, దాని మీద వెంటిలేటర్ కూర్చోబెట్టారు. ఒక్క పూటలో పని అయిపోయింది. స్లాబు ఉన్నవాళ్లయితే లోపలి ఊచలు తెగకుండా కోర్ కటింగ్, అంటే మెషీన్‌తో గుండ్రంగా కన్నం, చేయించాలి, అది ఇంజినీరును అడక్కుండా చేయించే పని కాదు.

మెట్ల గది తలుపు తీసి పెడితే సరిపోదా అని మావయ్యగారు మొదట్లోనే అన్నారు. నిజమే, చాలావరకు సరిపోతుంది. కానీ రాత్రంతా డాబా తలుపు బార్లా తీసి ఎలా పడుకుంటాం? పైగా గాలి ఆ తలుపుకు ఎదురుగా వీస్తే వేడి బయటికి పోకపోగా మళ్లీ మెట్ల మీదుగా కిందికే వస్తుంది. గాలి ఏ దిక్కునుంచి వీచినా వెంటిలేటర్ లోపలి గాలిని పైకే లాగుతుంది. నాకు నచ్చిన తేడా అదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పైన ఎంత పెద్దది పెట్టినా, కింద గాలి వచ్చే దారి లేకపోతే దండగ. బయట గాలి ఉంటే కిటికీలన్నీ మూసి ఉన్నా అది గిరగిరా తిరుగుతుంది. తిరుగుతోంది కదా అని పని చేస్తోందనుకోవద్దు. నేనైతే అగరుబత్తితో చూశాను. కింద ఉత్తరం వైపు కిటికీ తెరిచి, వెలిగించిన అగరుబత్తి దాని దగ్గర పట్టుకుంటే పొగ నిటారుగా లేవలేదు. లోపలికి వంగి, సన్నటి చారలా సాగి, సోఫా మీదుగా మెట్ల వైపు వెళ్లింది. మెట్ల మొదట్లో కాసేపు తచ్చాడి పైకి లేచింది. తర్వాత కిటికీలన్నీ మూసేసి బాత్రూమ్ తలుపు కింది సందు దగ్గర పట్టుకున్నాను. పొగ హాల్లోకి తోసుకొచ్చింది. అంటే కిటికీలు మూస్తే మా ఇల్లు బాత్రూమ్ కిటికీ అద్దాల సందుల్లోంచి గాలి పీల్చుకుంటోందన్నమాట. అప్పటినుంచి చీకటి పడ్డాక ఆ ఉత్తరం కిటికీ తెరవకుండా ఉన్న రోజు లేదు.

పగలు మాత్రం దీనికి పూర్తిగా వేరే లెక్క. మే నెలలో పడమటి గాడ్పులు గట్టిగా వీచే రోజుల్లో సముద్రపు గాలి మా ఊరి దాకా రాదు, మధ్యాహ్నం బయటి గాలి ఇంట్లో గాలికన్నా వేడిగా ఉంటుంది. అప్పుడు కిటికీలు తెరిచి ఉంచితే గాడ్పును పిలిచి ఇంట్లో కూర్చోబెట్టినట్టే. పొద్దున తొమ్మిదికల్లా అన్నీ మూసేస్తాం, సాయంత్రం గాలి తిరిగాక తెరుస్తాం. మూసినా పైన లాగుడు ఆగదు కాబట్టి ఫ్యాబ్రికేషన్ షాపులో చెప్పి వెంటిలేటర్ కింద ఒక జారుడు రేకు పెట్టించాం. పగలు దాన్ని తోసి మూస్తాం, రాత్రి తీస్తాం. పొలాల్లో గడ్డి తగలబెట్టి పొగ కమ్మే రోజుల్లో కూడా ఆ రేకు బాగా అక్కరకొస్తోంది. వెంటిలేటర్ అమ్మినవాళ్లు ఈ రేకు సంగతే ఎత్తలేదు. నా దృష్టిలో ఇది లేకుండా ఇంటికి పెట్టించుకోకూడదు.

పెట్టించిన కొత్తలో చుట్టాలందరికీ దీని గురించి తెగ చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పేటప్పుడు వంటింటి సంగతి కూడా కలిపి చెబుతున్నాను. మెట్లే గాలి దారి కాబట్టి కింద పోపు వేస్తే ఎండుమిర్చి ఘాటు మేడ మీద చదువుకునే పిల్లలకు తగులుతుంది. చేపల పులుసు పెట్టిన రోజు పక్క బట్టలకు కూడా వాసన పడుతుంది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది, కానీ పైన వెంటిలేటర్ ఒకవైపు, ఇది ఒకవైపు లాగుతుంటే సగం వాసన మెట్లెక్కుతుంది. వంటింటి కిటికీ కొద్దిగా తెరిచి, హాలు వైపు తలుపు వేసి, అప్పుడు ఎగ్జాస్ట్ వేస్తే సమస్య చాలావరకు తగ్గింది. ఓపెన్ కిచెన్ ఉన్నవాళ్లకు ఆ తలుపే ఉండదు. వాళ్లు బాగా ఆలోచించుకోవాలి.

ఇక దీంతో నేను పడ్డ అసలు టెన్షన్ బేరింగ్ వల్ల. వారంటీ దాటిన కొన్నాళ్లకు రాత్రిపూట కీచుమని ఒక చప్పుడు మొదలైంది. గాలి పెరిగితే చప్పుడు పెరిగేది. మెట్ల దారిలో ఆ చప్పుడు ఇల్లంతా ప్రతిధ్వనించేది. అత్తయ్యగారికి నిద్ర పట్టేది కాదు. మా వారు పైకెక్కి చూస్తే పైన తిరిగే తల భాగం ఒక పక్కకు కొద్దిగా ఒరిగి, ఒక చోట రుద్దుకుంటోంది. అమ్మినవాళ్లకు ఫోన్ చేశాను. "బేరింగ్ విడిగా రాదండి మేడం, హెడ్ మొత్తం మార్చుకోవాలి" అన్నారు. హెడ్ మొత్తమంటే దాదాపు కొత్తది కొన్నంత. కంపెనీ నంబరు అడిగితే ఎత్తలేదు. ఫోటోలు పంపితే మళ్లీ అదే జవాబు. మిగతా రేకంతా నిక్షేపంగా ఉంది, ఒక్క తుప్పు మరక లేదు. పిడికిట్లో పట్టేంత సామాను కోసం దాన్నంతా పారేయమనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

చివరికి బజార్లో మోటార్లు రీవైండింగ్ చేసే పెద్దాయన దగ్గరికి తల భాగం విప్పి పట్టుకెళ్లాం. ఆయన బేరింగ్ ఊడదీసి, నూనె గుడ్డతో అంచు తుడిచి, కళ్లజోడు పైకి నెట్టి చదివారు: 6202 జెడ్‌జెడ్. "ఇది మామూలు సీలింగ్ ఫ్యాన్లో వేసేదే అమ్మా, ఏ షాపులోనైనా దొరుకుద్ది" అన్నారు. వేలితో తిప్పి చూపిస్తే లోపల గరగరమంటూ ఇసుక ఉన్నట్టు ఆగి ఆగి తిరిగింది. జెడ్‌జెడ్ అంటే పక్కల ఇనుప రేకు మూత ఉన్న రకం. ఆ సన్నటి సందులోంచి డాబా మీది దుమ్ము, వాన చెమ్మ లోపలికి పోయి గ్రీజు ఎండిపోయింది. దాని బదులు అదే 6202లో 2ఆర్‌ఎస్ రకం, అంటే రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నది వేశారు. బేరింగ్‌కు నూట యాభై రూపాయలు కూడా కాలేదు. మళ్లీ బిగించాక చేత్తో ఒక్కసారి తిప్పితే చప్పుడు లేకుండా చాలాసేపు తిరుగుతూనే ఉంది. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం కొన్న రోజు కూడా కలగలేదు.

తల విప్పి ఉన్నన్నాళ్లు కన్నం మీద రేకు మూసి పెట్టాం. రోహిణి కార్తె కావడంతో మేడ గదులు మళ్లీ పాత కొలిమిలైపోయాయి. వెంటిలేటర్ చేస్తున్న పని ఎంతో అప్పుడు ఇంట్లో అందరికీ బాగా తెలిసింది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు భయపడ్డాం కానీ దీనికేమీ కాలేదు. ముందురోజే రెక్కల చుట్టూ తాడు బిగించి, పైన టార్పాలిన్ కప్పాం. బేస్ ప్లేటు చుట్టూ పూసిన సిలికాన్ ఎండకు పగిలిన చోట నుంచి మాత్రం మెట్ల మీద నీళ్లు కారాయి. ఇప్పుడు వానలకు ముందే ఆ సిలికాన్ పూత చూసి మళ్లీ పూయిస్తున్నాం. తీరం జిల్లాల వాళ్లు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి. తెలంగాణలో 2023లో పైకప్పులు తక్కువ కాగేలా చూసే కూల్ రూఫ్ విధానం తెచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఉండే మా అన్నయ్య చెబితే మేమూ డాబా మీద తెల్ల కూలింగ్ పెయింట్ వేయించాం. కాబట్టి ఇప్పుడు మేడ మీద ఉన్న చల్లదనమంతా వెంటిలేటర్ ఖాతాలో వేయను. పెయింట్ స్లాబును తక్కువ కాగనిస్తుంది, కాగిన వేడిని వెంటిలేటర్ బయటికి పంపుతుంది. గాలి ఆడని వానాకాలపు ఉక్కపోతలో రెండూ పెద్దగా ఆదుకోవు. బయటి గాలే చెమ్మగా ఉన్నప్పుడు దాన్ని లోపలికి తెచ్చుకుంటే చెమట ఆరదు.

దోమల సంగతి వేరే చెప్పాలా! మూడు కాలవలున్న ఊరు మాది. కిటికీలు తెరవాల్సిన వేళ, దోమలు వచ్చే వేళ ఒకటే. మెష్ బిగించాం, కానీ మెష్ సందులు దుమ్ముతో మూసుకుపోతే వచ్చే గాలి బాగా తగ్గిపోతుంది. నెలకోసారైనా తీసి కడగాల్సిందే.

లోపలి మెట్లున్న సొంత ఇల్లు, రాత్రిళ్లు కిటికీలు తెరుచుకోగల వీధి, గది గదికీ ఏసీ లేని సంసారం అయితే దీన్ని పెట్టించుకోమనే అంటాను. మాకు ఒకే ఏసీ ఉంది, అది వేసినప్పుడు ఆ గది తలుపు గట్టిగా మూస్తాం, లేకపోతే చల్లగాలి కూడా మెట్లెక్కిపోతుంది. అపార్ట్‌మెంట్ వాళ్లకు మంచి ఎగ్జాస్ట్ ఫ్యానే మేలు. కొనేవాళ్లు మాత్రం డబ్బు కట్టకముందే బేరింగ్ నంబరెంత, విడిగా మార్చుకోవచ్చా అని అడగండి. దానికి సరైన జవాబు చెప్పలేని దుకాణంలో నేనైతే రెండోది కొనను.