నాలుగేళ్లు వాడాక: మా బడిలో చవక ల్యాప్‌టాప్‌లు

కోసిగి దగ్గర మా హైస్కూలుకు పూర్వ విద్యార్థులు పన్నెండు చిన్న ల్యాప్‌టాప్‌లు కొనిచ్చి నాలుగేళ్లయింది. ఒక్కోటి పదహారు వేల లోపే. 11.6 అంగుళాల స్క్రీన్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్. కంపెనీ పేరు రాయడం లేదు.

మొదటి ఏడాది చాలా తప్పు చేశాం. పోతాయేమోనన్న భయంతో బీరువాలో పెట్టి తాళం వేశాం. వేసవి సెలవులయ్యాక తీస్తే రెండు ఆన్ కాలేదు. రెండు నెలలు ఛార్జింగ్ లేక బ్యాటరీలు చచ్చిపోయాయి. ఇంకొకటి ఉబ్బింది. "పూరీ మాదిరి పొంగింది సార్" అన్నాడు ఒక పిల్లోడు. పిల్లల చేతిలో నాలుగేళ్లలో పాడైంది ఒక్కటే, అదీ హింజ్ విరిగి.

ఆ తర్వాత శనివారం ఇంటికి పంపడం మొదలుపెట్టాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి వాళ్లమ్మ చిన్న నోటుబుక్కు తెచ్చింది. సుగ్గికి, అంటే కోతల కాలంలో వలస పనికి, గుంటూరు వైపు పోయినప్పుడు రోజూ ఎన్ని కిలోల మిరపకాయలు కోసిందో అందులో రాసుంది. కారం మరకలు పడ్డ ఆ పేజీలు చూస్తూ ఒక్కో అంకె లిబ్రెఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పట్టికలో ఎక్కించింది. పైన 'సుగ్గి' అని తెలుగులో టైప్ చేయడానికి గ, పొల్లు, మళ్లీ గ, గుడి అని మెల్లగా వెతుక్కుంది. మొత్తం వచ్చాక స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఇంత కోసిందా మాయమ్మ!" అంది. నేను ఎన్ని పాఠాలు చెప్పినా ఆ ముఖం చూసి ఉండేవాణ్ని కాదు.

వాడకం మాటకొస్తే, లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాకే ఇవి కుదుటపడ్డాయి. ముందున్న సిస్టమ్‌లో అప్‌డేట్లకే స్టోరేజ్ నిండిపోయేది. గణితం బొమ్మలు గీసే జియోజెబ్రా, పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకునే స్క్రాచ్ బాగా నడుస్తాయి. ఫ్యాన్ లేదు కాబట్టి మా దుమ్ముకు తట్టుకున్నాయి. వేపచెట్టు కింద కూర్చుంటే మాత్రం స్క్రీన్ కనపడదు.

2007లో పిల్లల కోసమే వచ్చిన ఎక్స్ఓ ల్యాప్‌టాప్ స్క్రీన్ ఎండలోనూ చదవడానికి వీలయ్యేది. పిడిలో అదనపు స్క్రూలు కూడా పెట్టారు, పిల్లలే విప్పి బాగు చేసుకోవాలని. ఆ పథకం మొదలుపెట్టిన నికోలస్ నెగ్రోపాంటే 100 డాలర్లకే ఇస్తామన్న ఆ యంత్రం ధర తయారయ్యేసరికి దాదాపు రెట్టింపైంది. అయినా ఆ స్క్రూల ఆలోచన నాకు చాలా నచ్చుతుంది. మా వాటికి వెనక మూత విప్పాలంటేనే ఆదోని దాకా పోవాలి. బ్యాటరీ కోసం నెల రోజులు ఎదురుచూశాం. దాతలు యంత్రానికి డబ్బులిస్తారు గానీ రిపేరుకు ఎవరూ ఇవ్వరు.

పెరూ దేశంలో ఆ ఎక్స్ఓ ల్యాప్‌టాప్‌లు లక్షల్లో పంచారు. 2012లో వచ్చిన అధ్యయనంలో గణితం, భాష మార్కులు పెరగలేదని తేలింది. నేను దాన్ని నమ్ముతాను. మా పిల్లల మార్కులూ వీటివల్ల పెరిగాయని చెప్పను. కానీ టైప్ చేయడం, లెక్కలు పట్టికలో వేయడం, తప్పొస్తే భయపడకుండా మళ్లీ ప్రయత్నించడం వచ్చాయి.

జూన్‌లో ఇంకో ఆరు కొంటున్నాం. మామూలు స్క్రూడ్రైవర్‌తో విప్పి బ్యాటరీ మార్చుకునే మోడలే కావాలని ముందే చెప్పాం. వేసవి సెలవులకు అన్నీ పిల్లల ఇళ్లకే పోతాయి.