పెద్దబాతు పిల్లల్లో మగదేదో పెట్టేదో తెలుసుకోవడానికి ఏ పద్ధతి మేలు?

చంద్రగిరి దగ్గర మా మామిడితోటలో కాపలాకు పెద్దబాతులను పెంచుతున్నాం. కొందరు వీటినే హంసబాతులంటారు. మొదటిసారి నాలుగు పిల్లలను కొన్నప్పుడు, అమ్మినతను "రెండు జతలన్నా" అని బుట్టలో పెట్టిచ్చాడు. పెరిగాక చూస్తే మూడు మగవి, ఒకటే పెట్ట. గుడ్ల కాలం వచ్చేసరికి మూడూ దాని వెంటపడి మెడ మీది ఈకలన్నీ ఊడగొట్టాయి. చివరికి రెండింటిని వేరే తోటకు ఇచ్చేశాం. కలిసి పెరిగిన పెద్దబాతులను విడదీస్తే ఎలా అరుస్తూ వెతుక్కుంటాయో అప్పుడు చూశాను. మళ్ళీ ఆ పని చేయకూడదనుకున్నాను. ఒక మగదానికి మూడు నాలుగు పెట్టలుంటే మంద ప్రశాంతంగా ఉంటుంది. కాబట్టి పిల్లలుగా ఉన్నప్పుడే తెలిస్తే ఎంతో మేలు.

ముందు ఒక పొరపాటు సంగతి చెప్పాలి. మామూలు బాతులను మేపినవాళ్ళు ఆ గుర్తులనే వీటికీ చెబుతారు. బాతుల్లో పెట్ట గట్టిగా బాక్ బాక్ మంటుంది, మగదాని గొంతు బొంగురుగా ఉంటుంది, తోక మీద ఒకటి రెండు ఈకలు పైకి మెలితిరిగి ఉంటాయి. పెద్దబాతుల్లో ఆ మెలి ఈక ఉండదు. గొంతు కూడా అలా కాదు. మగదానిది సన్నగా, కీచుగా ఉంటుంది, పెట్టది లోతుగా, బరువుగా ఉంటుంది.

రంగు చూసి చెప్పొచ్చా? పిల్‌గ్రిమ్ అనే విదేశీ జాతిలో చెప్పొచ్చు. పెద్దయ్యాక అందులో మగది తెల్లగా, పెట్ట బూడిదరంగులో ఉంటుంది. పిల్లల్లోనూ తేడా తెలుస్తుంది. నేను కొన్నవి ముక్కు మొదట్లో బొడిపె వచ్చే చైనా రకం తెల్లవి. వీటి పిల్లలు మగవైనా పెట్టలైనా పసుపుపచ్చగానే ఉంటాయి, రంగుతో ఏమీ తేలదు. గుడ్డు మొన తీరును బట్టి మగదో పెట్టో చెప్పడం కూడా నేను గట్టిగా నమ్మి చూశాను. ఒక్కసారీ నిలబడలేదు.

ఇక అసలైన పద్ధతి మలద్వారం తిప్పి చూడడం. దీన్ని మా చిన్నాన్న కూతురు చేసి చూపించింది. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలో చదువుకుంది. పుట్టిన ఒకటి రెండు రోజుల పిల్లను చేతిలో వెల్లకిలా పట్టుకుని, తోకను మెల్లగా వెనక్కి వంచి, ద్వారం అంచును రెండు వేళ్ళతో సుతారంగా బయటికి తిప్పింది. మగపిల్లలో సన్నని మొలకలాంటి అంగం పైకి వచ్చింది. పెట్టలో గుండ్రని మడతలే కనిపించాయి. చాలా పక్షుల్లో మగవాటికి ఇలాంటి అంగమే ఉండదు. బాతులకు, పెద్దబాతులకు ఉంది. అందుకే కోడిపిల్లల కంటే వీటిలో చూసి చెప్పడం తేలిక.

"అన్నా, మొలక కనబడితే మగదే, అనుమానం లేదు. కనబడకపోతే మాత్రం వెంటనే పెట్ట అనేయొద్దు. నువ్వు సరిగ్గా తిప్పకపోయినా కనబడదు" అంది. ఈ పద్ధతిలో నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. మగది అనే జవాబు నిజంగా జవాబు. పెట్ట అనే జవాబు చూసే చేతి నేర్పును బట్టి ఉంటుంది. గట్టిగా నొక్కితే లేత కండరం చిరుగుతుంది, లోపల దెబ్బ తగులుతుంది. ఎవరూ చూపించకుండా వీడియో చూసి చేయొద్దని నా మనవి.

డీఎన్ఏ పరీక్షలో ఈ గొడవేమీ లేదు. మొదలుతో సహా పీకిన కొన్ని ఈకలు చాలు, పిల్లగా ఉన్నప్పుడే కచ్చితంగా తేలుతుంది. పక్షుల్లో ఆడదానికి రెండు వేర్వేరు లింగ క్రోమోజోములుంటాయి, మగదానికి రెండూ ఒకే రకం. పరీక్ష చూసేది దాన్నే. కానీ ఒక్కో పిల్లకు విడిగా డబ్బు కట్టాలి, నమూనా పంపాలి, జవాబు కోసం ఆగాలి. జాతి పెంచి అమ్మేవాళ్ళకు సరే గానీ తోటలో నాలుగు పిల్లలకు నేనైతే చేయించను.

ఓపిక ఉంటే పెరిగే తీరే చెబుతుంది. గొంతు మారేదాకా అన్నీ ఒకేలా కిచకిచమంటాయి. రెండు నెలలు దాటాక మగవాటి ముక్కు మొదట్లో బొడిపె ముందు లేస్తుంది, పెద్దగా కనిపిస్తుంది. మెడ పొడవుగా, లావుగా ఉంటుంది. కొత్తవాళ్ళు గేటు దగ్గరికి వస్తే మెడ చాచి బుసకొడుతూ ముందుకొచ్చేది ఎక్కువగా మగదే. అయితే ఒక్క గుర్తుతో తేల్చకూడదు. ధైర్యం గల పెట్టలు కూడా ముందుకొస్తాయి. సరిగ్గా మేత అందని మగపిల్లకు బొడిపె ఆలస్యమవుతుంది. ఒకే పొదుగులో పుట్టినవాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చినప్పుడే ఈ గుర్తులు పనికొస్తాయి. పైగా జవాబు తేలేసరికి అవి ఒకదానికొకటి అలవాటు పడిపోయి ఉంటాయి.

నన్నడిగితే, చూపించే చెయ్యి దొరికితే మొదటి రోజుల్లోనే మలద్వారం చూపించుకోవడం మేలు. దొరకకపోతే జతల లెక్కన అసలు కొనొద్దు. ఒకే పొదుగులోవి ఐదారు తీసుకుని, బొడిపె, గొంతు రెండూ ఒకే మాట చెప్పేదాకా ఆగండి.

ఈసారి ఆరు పిల్లలను తెచ్చాం. చెల్లెలు చూసి రెండు కచ్చితంగా మగవంది. వాటి కాళ్ళకు నీలం రింగులు వేశాను. మిగతా నాలుగింటికి పసుపు రింగులు వేసి, ప్రతి ఆదివారం బొడిపెలు చూసి నోట్‌బుక్కులో రాస్తున్నాను. పసుపు రింగుల్లో ఒకదాని ముక్కు మొదట్లో మొన్నటి నుంచి చిన్న ఉబ్బు కనిపిస్తోంది.