రాత్రుళ్ళు నిద్రపోనిచ్చిన డివైడర్, దాని కొక్కేలు

కుక్కపిల్లని పడుకోబెట్టడానికి మేం కొన్న ఈ ఇనుప క్రేట్ గురించి ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది దాని మధ్యలో పెట్టే డివైడర్ గురించే. మడత పడుతుంది, రెండు తలుపులుంటాయి, కింద ప్లాస్టిక్ ట్రే ఉంటుంది. ఇవన్నీ ఏ షాపులో చూసినా ఒకేలా ఉంటాయి, వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. మా కుక్కపిల్ల రాగి రాత్రుళ్ళు పొడిగా పడుకుందంటే, మేం కాస్త కన్నుమూశామంటే, అది ఆ అడ్డజాలీ పుణ్యమే. అదే జాలీ ఒక రాత్రి మా ఇద్దరి గుండెలూ జారిపోయేలా చేసింది. రెండూ చెప్తాను.

రాగి దేశవాళీ పిల్ల. తెలిసినవాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పుట్టింది, రెండు నెలలు నిండాక విజయవాడలో మా ఇంటికి వచ్చింది. ఈ పిల్లలు పెద్దయ్యాక ఎంతవుతాయో ముందే చెప్పలేం కాబట్టి 36 అంగుళాల క్రేట్ తీసుకున్నాం. అరచేతిలో పట్టేంత పిల్లకి అది పెద్ద హాలు. కుక్కలు మామూలుగా పడుకునే చోట పాడు చేసుకోవు. కానీ చోటు ఎక్కువుంటే ఈ మూల పడుకుని ఆ మూల కానిచ్చేస్తాయి. అందుకని లేచి నిలబడటానికి, గుండ్రంగా తిరగడానికి, కాళ్ళు చాపుకుని పడుకోవడానికి సరిపడా వదిలి మిగతాది మూసేయాలి. డివైడర్ ఉన్నది ఇందుకే. పిల్ల పెరిగేకొద్దీ వెనక్కి జరుపుకుంటూ పోవచ్చు, ఇంకో క్రేట్ కొనక్కర్లేదు.

మా అమ్మ వీడియో కాల్‌లో చూసి "పసిదాన్ని బోనులో పెడతారటే, దానికేం ఖర్మ?" అని బాధపడింది. ఆవిడ బాధ నాకు అర్థమైంది. తల్లి పక్కన, తోబుట్టువుల మధ్య ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయిన పిల్ల అది. దాన్ని తీసుకెళ్ళి హాల్లో ఒంటరిగా మూసేస్తే ఏడవకుండా ఎలా ఉంటుంది? మేం క్రేట్‌ని మంచం పక్కనే, నా చెయ్యి అందేంత దగ్గరగా పెట్టాం. పగలంతా తలుపు తీసే ఉంచి అన్నం గిన్నె లోపలే పెట్టేదాన్ని. రాత్రి మూలుగు మొదలవగానే ఊచల సందులోంచి రెండు వేళ్ళు లోపలికి పెడితే చాలు, వాటి మీద ముక్కు ఆనించి పడుకునేది. ఊపిరి నెమ్మదించాక వేళ్ళు తీసుకునేదాన్ని.

ఏడుపులు రెండు రకాలు. పడుకోబెట్టగానే వచ్చేది ఒంటరితనం ఏడుపు, దానికి వేళ్ళు చాలు. హాయిగా నిద్రపోతున్నది ఉన్నట్టుండి లేచి తిరుగుతూ మూలిగితే మాత్రం అది బయటికి తీసుకెళ్ళమని. అప్పుడు ఆలస్యం చేయకూడదు. లైటు వేయకుండా, ముద్దు చేయకుండా ఎత్తుకుని బాల్కనీలో ఇసుక పోసిన ట్రే మీద దించడం, పని అవగానే "గుడ్" అని ఒక్క మాట, మళ్ళీ క్రేట్‌లోకి. టీకాలు పూర్తి కాని పిల్లని రోడ్డు మీదికి తీసుకెళ్ళొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. కుక్కపిల్లల ప్రాణాల మీదికి తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుందట. అందుకే ఆ ఇసుక ట్రే. నెలల వయసుకి ఒకటి కలిపితే ఎంతో అన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క ఉంది. రెండు నెలల పిల్లకి మూడు గంటలు. మేం దానికన్నా కాస్త ముందే అలారం పెట్టుకుని, అది పెరిగేకొద్దీ ఆ వ్యవధి పెంచుకుంటూ వెళ్ళాం. రాత్రి తిండి ఏడింటికల్లా పెట్టేసేదాన్ని. పడుకునే ముందు నీళ్ళు తీసేయమని చాలామంది చెప్తారు, కానీ మా ఊరి ఎండల్లో నాకు మనసొప్పలేదు. తగ్గించాను గానీ ఆపలేదు.

పొద్దున్న లేచేసరికి పరుపు పొడిగా ఉండటం మొదలైంది. అప్పుడు ఈ డివైడర్‌ని పొగడని రోజు లేదు.

ఆ తర్వాత ఒక అర్ధరాత్రి కేక వినిపించింది. మూలుగు కాదు, ఏడుపు కాదు, గొంతు చించుకుని పెట్టిన కేక. ఫోన్ లైటు వేసి చూస్తే రాగి తల, ఒక ముందు కాలు డివైడర్ కింద నుంచి అవతలి వైపుకి వెళ్ళిపోయి ఉన్నాయి. మిగతా ఒళ్ళు ఇవతల. జాలీ దాని మెడ వెనక ఆని ఉంది. వెనక్కి లాక్కోబోతే కింది ఊచ చంక దగ్గర నొక్కుతోంది, నొక్కినకొద్దీ ఇంకా గింజుకుంటోంది.

జరిగింది ఏమిటంటే, ఈ డివైడర్‌ని పట్టి ఉంచేవి అంచుల్లో వంచిన చిన్న కొక్కేలు మాత్రమే. అవి పక్క ఊచలకి తగులుకుని ఉంటాయి తప్ప బిగించేది ఏదీ లేదు. పిల్ల నిద్రలో ఒళ్ళు విరుచుకుని వీపుతో నెట్టినప్పుడల్లా కొక్కెం కొంచెం కొంచెం జారుతుంది. పైనవి నిలిచి కిందవి రెండూ ఊడితే జాలీ అడుగున పైకి లేస్తుంది. పిల్ల తల దూర్చగానే మళ్ళీ కిందికి దిగుతుంది. లోపలికి పోనిచ్చి బయటికి రానివ్వదు.

ముందు తలుపు తీస్తే నాకు అందేది దాని వెనక భాగం. అక్కడ పట్టుకుని లాగితే కాలు విరిగేలా ఉంది. మావారు మంచానికీ క్రేట్‌కీ మధ్య దిగి పక్క తలుపు తీశారు. అది ఖాళీగా వదిలిన అరలోకి తెరుచుకుంటుంది. అటునుంచి చెయ్యి పెట్టి జాలీని పైకెత్తి పట్టుకుంటే, నేను కాలు మడిచి మెల్లగా వెనక్కి తీశాను. పడుకోబెట్టే ముందు మెడపట్టీ తీసేయమని డాక్టరు మొదటి రోజే చెప్పారు. ఆ రాత్రి పట్టీ ఉండి ఊచకి తగులుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకిష్టం లేదు. చంకలో తోలు లేచింది, ఎముకకి ఏమీ కాలేదు. తెల్లారేదాకా నా ఒళ్ళో వణుకుతూనే ఉంది.

షాపుకి ఫోన్ చేస్తే "అందరికీ ఇదే ఇస్తున్నాం మేడమ్, ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు" అన్నారు. పిల్ల మెడ మీద ఇనుప ఊచ ఆనుకున్న సంగతి చెప్తుంటే అవతలినుంచి వచ్చిన జవాబు అదీ. నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు. నాలుగు స్క్రూలో, రెండు క్లిప్పులో పెడితే తీరిపోయేదానికి ఏ తయారీదారుకీ మనసు రాకపోవడం ఏమిటి?

మేం చేసింది చెప్తాను. డివైడర్ నాలుగు మూలలా, అడుగున మధ్యలో కూడా కేబుల్ టైలు, అంటే వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు, బిగించాం. ముడి బయటి వైపు ఉండేలా చూసి, తోకలు మొదలంటా కత్తిరించాం, లేకపోతే అవి గుచ్చుకుంటాయి, పిల్ల కొరుకుతుంది కూడా. బైండింగ్ వైరు మాత్రం వాడొద్దు, కొసలు కళ్ళకి ప్రమాదం. జాలీ జరిపినప్పుడల్లా పాతవి కోసి కొత్తవి వేసుకోవాలి. అంతే, మళ్ళీ కదల్లేదు. కదిలింది రాగి నమ్మకం. క్రేట్ దగ్గరికి పిలిస్తే మంచం కిందికి దూరేది. డివైడర్ పూర్తిగా తీసేసి, తలుపులు రెండూ తెరిచి, పెరుగన్నం ముద్దలు ముందు గడప దగ్గర, తర్వాత కొంచెం లోపల, తర్వాత ఇంకా లోపల పెడుతూ మొదటినుంచీ మొదలుపెట్టాం. నేను కూడా నేల మీదే పడుకున్నాను. దానంతట అది లోపలికి వెళ్ళి పడుకునేదాకా తలుపు వేయలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే మొదట్లో డివైడర్‌కి ఇచ్చిన మార్కుల్లో కొన్ని వేరేవాటికి పోవాలి. బాల్కనీ పడకగదికి ఆనుకుని ఉంది. నేను ఇంట్లోంచే పని చేస్తాను, రాత్రి లేస్తే పొద్దున్న ఒక గంట ఎక్కువ పడుకోగలను. గుంటూరులో మా చెల్లెలు ఇలాంటి డివైడరే పెట్టింది, దాని కుక్కపిల్ల మాత్రం రోజూ పరుపు తడిపేది. షాపు బోనులో తన మలమూత్రాల మధ్యే పెరిగిన పిల్ల అది. అలాంటివాటికి పడుకునే చోటు శుభ్రంగా ఉంచుకోవాలన్న అలవాటు పోతుంది, చోటు తగ్గించినంత మాత్రాన తిరిగి రాదు. ఇంకోటి, పిల్లకి విరేచనాలైతే ఆ రోజు డివైడర్ తీసేయండి. ఆపుకోలేని పిల్లని అందులోనే పడుకోబెట్టడం పాపం.

మిగతావి క్లుప్తంగా. ట్రే పల్చన, మూల ఎప్పుడో చిట్లింది. టైల్స్ మీద క్రేట్ గలగలమంటుంటే కింద పాత యోగా మ్యాట్ వేశాం. అడుగు ఊచలు కొన్నిచోట్ల తుప్పు పట్టాయి. గాలి మాత్రం బాగా ఆడుతుంది, అందుకే మే నెలలో ప్లాస్టిక్ కెన్నెల్ కన్నా ఇదే నయం. టేబుల్ ఫ్యాను ఒకటి నేల మీద పెట్టుకోవాలి.

రాగి ఇప్పుడు పెద్దది. క్రేట్ హాల్లోకి మారింది, తలుపు వేయడం మానేశాం, మధ్యాహ్నాలు తనే వెళ్ళి అందులో పడుకుంటుంది. మళ్ళీ కుక్కపిల్ల వస్తే ఇలాంటిదే కొంటానా? మా ఇల్లు, మా పని ఇలాగే ఉంటే కొంటాను, దాంతోపాటు కేబుల్ టైల ప్యాకెట్ కూడా. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళిపోయి పిల్లని పగలంతా మూసి ఉంచాల్సి వస్తే మాత్రం వద్దంటాను. వరండా, పెరడు ఉన్న ఇల్లయితే అసలు అవసరం పడకపోవచ్చు. లాబ్రడార్ లాంటి బరువైన పిల్ల నెడితే ఆ టైలు ఆగుతాయో లేదో నేను చెప్పలేను, నాది తేలికైన పిల్ల. కొనేవాళ్ళు షాపులోనే క్రేట్ విప్పించి, డివైడర్ పెట్టించి, కింది అంచుని అరచేత్తో గట్టిగా నెట్టి చూడండి. ఊడితే ఇంకోటి చూపించమనండి.